ఉప్పుగాలిలో పాత ఏటీవీ: వాడి, విప్పి చూశాక నా మాట

మధురవాడలో మా ఇంటి పోర్టికోలో ఉన్నది 150 సీసీ చైనా తయారీ ఏటీవీ, అంటే ఇసుకలో, బురదలో తిరిగే నాలుగు చక్రాల బండి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. అంతకుముందు బీచ్‌లో టూరిస్టులను తిప్పిన బండి. కొన్నేళ్లుగా దాని రిపేర్లన్నీ ఇంట్లో నేనే చేసుకుంటున్నాను. విశాఖలో పాత ఏటీవీ కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇంజన్ గురించి టెన్షన్ పడకండి, కింద వంగి ఇనుము చూడండి.

ఇంజన్ జీవై6 రకం, చైనా స్కూటర్లలో ఉండేదే. ఒకే సిలిండర్, కార్బురేటర్, బెల్టు మీద నడిచే ఆటోమేటిక్. స్కూటర్ ఇంజన్ ఎప్పుడైనా విప్పినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. పొద్దున్నే స్టార్టింగ్‌కు మొండికేస్తే ముందు వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు చూస్తాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.1 మిల్లీమీటరు పెడితే మళ్లీ దారికొస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, మన ఊళ్లో తేమకు కొదవ లేదు. అందుకే బండి కొన్ని వారాలు కదలదనుకుంటే కార్బురేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలు దించేస్తాను. ఆ అలవాటు పడ్డాక పైలట్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం) పూడుకుపోవడం ఆగింది.

అసలు పని వెనక యాక్సిల్ దగ్గరే. మలుపుల్లో రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఈ బండికి ఉండదు. రెండు వెనక చక్రాలకూ కలిపి ఒకటే ఇనుప కడ్డీ, మధ్యలో దాన్ని మోసే బేరింగులు. ఇసుక, ఉప్పునీరు సీల్ దాటి లోపలికి వెళ్లాయంటే వాటి పని అయిపోయినట్టే. నా బండిలో యాక్సిల్ బయటికి తీయడానికే బోలెడు సమయం పట్టింది. బేరింగ్ లోపలి రింగు కడ్డీకి తుప్పుతో అతుక్కుపోయింది. రాత్రంతా తుప్పు వదిలించే స్ప్రేలో నాననిచ్చి, మర దెబ్బతినకుండా కొసకు నట్టు ఎక్కించి, దాని మీద చెక్కముక్క పెట్టి, కొద్దికొద్దిగా కొట్టాను. బయటికొచ్చిన బేరింగు వేలితో తిప్పితే తిరగలేదు. లోపల గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రటి ముద్ద.

ఇలాంటి సామాను గాజువాక ఆటోనగర్‌లో దొరకదేమో అనుకునేవాళ్లకు ఒక మాట. బేరింగుల షాపులో నేను బండి పేరు చెప్పబోతే పెద్దాయన అన్నారు, "ఏటి బాబూ, బండి పేరు నాకెందుకు, నంబరు చెప్పు." నిజమే. బేరింగు మీద 6205 లాంటి నంబరు ఉంటుంది, దాన్ని బట్టి ఏ కంపెనీదైనా సరిపోతుంది. ఆయిల్ సీల్ మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మూడూ అచ్చువేసి ఉంటాయి. బేరింగు మాత్రం రెండు వైపులా రబ్బరు మూతలున్న 2ఆర్ఎస్ రకమే అడగండి. రేకు మూతల రకం మన ఇసుకకు ఆగదు.

బెల్టు, దాన్ని నడిపే ముందు పుల్లీలోని వేరియేటర్ రోలర్లు, కేబుళ్లు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోక తప్పదు, అక్కడే ఓపిక పోతుంది. నాది 842-20-30 బెల్టు, మొదటి అంకె మిల్లీమీటర్లలో పొడవు. ఒక అమ్మకందారు 743 పంపించి, తిరిగి తీసుకోవడానికి నానా తిప్పలు పెట్టాడు. జీవై6లో ఈ రెండు పొడవులూ ఉన్నాయి కాబట్టి పాత బెల్టు మీది నంబరు ఫొటో తీసి ఉంచుకోండి.

బండికి రిజిస్ట్రేషన్ లేదు, రోడ్డెక్కించకూడదు. ట్రాలీ ఆటోలో వేసుకుని భీమిలి వైపు మా మావయ్య సరుగుడు తోటకు తీసుకెళ్తాను. ఆ ఇసుకలో ఈ బండి తిరిగే తీరుకు నేను ఇప్పటికీ ముచ్చటపడతాను. టైర్లలో గాలి ఐదారు పీఎస్ఐకి మించకూడదు. పంక్చర్ షాపు గేజ్ అంత తక్కువ సరిగ్గా చూపించదు, తక్కువ ప్రెషర్ గేజ్ విడిగా కొనుక్కోవాలి. మావయ్య మనవళ్లు ఎంత బతిమాలినా బండి ఇవ్వను. పదహారేళ్ల లోపువాళ్లు నడపకూడదని నా బండి మడ్‌గార్డు మీదే స్టిక్కరు ఉంది.

ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాల్సిందే, మర్నాటికి వాయిదా వేయకూడదు. ప్రెషర్ వాషర్ బేరింగుల మీదికి అసలు తిప్పను, మామూలు పైపు చాలు. ఆరాక చైనుకు ఆయిలు, వైరింగ్ కనెక్టర్లలో తేమ చేరకుండా డైఎలక్ట్రిక్ గ్రీజు. విప్పిన ప్రతి బోల్టుకూ మర మీద కాస్త గ్రీజు రాసే బిగిస్తాను, లేదంటే మళ్లీ విప్పేటప్పుడు తల తెగి చేతిలోకి వస్తుంది.

కొనేటప్పుడు సెల్ఫ్ కొట్టి చూపించే హడావిడికి పడిపోకండి. వెనక భాగం జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే యాక్సిల్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. స్వింగ్‌ఆర్మ్ (వెనక యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే చేయి) తగిలించిన చోట, ఛాసిస్ వెల్డింగుల దగ్గర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా గుచ్చండి. పైపై తుప్పయితే వైరు బ్రష్షు, రెడ్ ఆక్సైడ్‌తో పోతుంది. మొన లోపలికి దిగిందంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. అరకు వైపు బురదలో తిరిగిన బండి దొరికితే, నాలుగు డబ్బులు ఎక్కువైనా నేనైతే దానికే ఓటేస్తాను.