బైకాల్ మంచు కింద: తాడు ఎవరి చేతిలో ఉంది?

మార్చి మొదటి వారం. రష్యాలోని సైబీరియాలో, గడ్డకట్టిన బైకాల్ సరస్సు మంచు కింద డైవింగ్ చేయాలని బయలుదేరాను. ఇర్కూట్స్క్‌లో దిగేసరికి పొద్దున్నే మైనస్ 17 డిగ్రీలు. అక్కడి నుంచి బైకాల్ ఒడ్డున ఉన్న లిస్త్‌వ్యాంకా 70 కిలోమీటర్లు. మార్ష్రూట్కా అని పిలిచే వ్యాన్‌లో గంటన్నర పట్టింది. అంగారా నది సరస్సులోంచి బయటికొచ్చే చోట మాత్రం నీళ్లు గడ్డకట్టలేదు. పొగలు కక్కుతున్న ఆ నీళ్లలో బాతులు ఈదుతున్నాయి. కాస్త దూరంలోనే జనం సరస్సు మీద నడిచి తిరుగుతున్నారు.

మాది విశాఖ. డైవింగ్ నేర్చుకున్నది అండమాన్‌లో, గోరువెచ్చటి నీళ్లలో. ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రై సూట్ వాడకం ఇక్కడికి రాకముందే విడిగా నేర్చుకుని వచ్చాను. అది రాకుండా ఎవరూ బయలుదేరవద్దని నా మనవి.

మొదట మాట్లాడుకున్న డైవ్ సెంటర్ పేరు చెప్పను. ధర తక్కువే. కానీ సామాను చూస్తే సిలిండర్‌కి ఒకే వాల్వు, ఒకే రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని ఊపిరికి అందించే పరికరం). నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, సిలిండర్‌లోంచి వచ్చే గాలి వ్యాకోచించి ఇంకా చల్లబడుతుంది. దాంతో రెగ్యులేటర్ లోపల మంచు పట్టి, వాల్వు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోవచ్చు. అప్పుడు గాలంతా బుడబుడా బయటికి పోతుంది. నెత్తిన దాదాపు మీటరు మందం మంచు, పైకి రావడానికి ఒకే కన్నం. అందుకే రెండు వాల్వులు, రెండు రెగ్యులేటర్లు తప్పనిసరి. "ఏం కాదు, రోజూ చేస్తున్నాం" అన్నారు. అడ్వాన్సు వదులుకుని వచ్చేశాను. ఆ డబ్బు పోయినందుకు ఈరోజుకీ బాధ లేదు.

రెండోచోట పద్ధతే వేరు. మంచులో త్రికోణం ఆకారంలో కన్నం కోశారు. దాన్ని అక్కడ మాయ్నా అంటారు. త్రికోణమైతే మూలల్లో రెండు చేతులూ ఆనించి సులువుగా పైకి రావచ్చు. దాని చుట్టూ మంచు మీది హిమాన్ని పారతో తీసి, కన్నం వైపు చూపించే బాణాలు గీశారు. కింద నుంచి చూస్తే అవి వెలుగు గీతల్లా కనిపిస్తాయి. డైవర్ నడుముకి కట్టే తాడుని పైనుంచి పట్టే ఆయనకి అరవై దాటి ఉంటాయి. ఆయనకి రష్యన్ తప్ప మరో భాష రాదు. నీళ్లలోకి దిగకముందే నా చేతికి తాడిచ్చి, కళ్లు మూసుకోమని సైగ చేసి, పదిసార్లు లాగించి జవాబు చెప్పించాడు. ఆయన ఒకసారి లాగితే బాగున్నావా అని, నేను ఆగకుండా లాగితే నన్ను పైకి లాగేయమని. పక్కనే ఇంకో డైవర్ పూర్తిగా తయారై కూర్చున్నాడు, అవసరమైతే దూకడానికి. నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

రెగ్యులేటర్‌తో బయటి చలిగాలిలో ఊపిరి తీయొద్దన్నారు. మొహం నీళ్లలో పెట్టాకే మొదలుపెట్టాలి. పెదవులు రెండు నిమిషాల్లో మొద్దుబారాయి. తరువాత చలి సంగతే మరిచిపోయాను. 30 మీటర్ల అవతల రాళ్లు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. నేను వదిలిన గాలి బుడగలు మంచు అడుగుకి తగిలి పాదరసంలా పాకాయి. ఎనిమిది మీటర్ల లోతులో ఆకుపచ్చటి స్పంజికలు (ఒకచోటే అతుక్కుని బతికే నీటి జీవులు) కొమ్మలు వేసినట్టు నిలబడి ఉన్నాయి. ఇవి ఏడాదికి సెంటీమీటరు మించి పెరగవట. కొన్నింటికి గోధుమరంగు మచ్చలు. ఈ దశాబ్దంన్నరలో వాటికి జబ్బు పట్టుకుంది. కాళ్లకి తొడుక్కున్న ఫిన్ను తగలకుండా జాగ్రత్తగా దూరంగా ఉన్నాను. వాటి మధ్య తిరిగే రొయ్యల్లాంటి చిన్న జీవులు ఈ సరస్సులో 300 రకాలకు పైగా ఉన్నాయి. ఒక స్పంజిక దగ్గర ఆగిపోయి చూస్తుంటే నడుం దగ్గర తాడు ఒకసారి కదిలింది. నేనూ ఒకసారి లాగాను. పైకొచ్చేసరికి 22 నిమిషాలు.

బైకాల్ సముద్రమట్టానికి 456 మీటర్ల ఎత్తున ఉంది. కాబట్టి ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చనే లెక్కలు ఎత్తైన సరస్సులకిచ్చే పట్టికల ప్రకారమే వేసుకోవాలి. మన డైవ్ కంప్యూటర్లో ఆ సెట్టింగు ముందే చూసుకోండి.

బసకి రెండు రకాలు చూశాను. ఒడ్డున హోటల్‌లో కిటికీ తీస్తే సరస్సు, కానీ రాత్రి ఆరేసిన లోపలి ఉన్ని బట్టలు పొద్దునకీ చెమ్మగానే ఉన్నాయి. ఆ చెమ్మతో డైవ్ అంటే వణుకే. కొండవాలులో ఒక పెద్దావిడ ఇంట్లో కట్టెల పొయ్యి పక్కన అన్నీ ఎండాయి, పెరట్లో బాన్యా అనే ఆవిరి గది ఉంది. రెండో రాత్రికే అక్కడికి మారాను. పొద్దున గ్రేచ్కా (బక్‌వీట్ గింజల) జావ, సాయంత్రం ఇక్కడి బుర్యాత్ జాతి వాళ్ల పోజీలు (మాంసం పెట్టి ఆవిరి మీద ఉడికించే కుడుములు). శాకాహారులకి గ్రేచ్కా, బంగాళాదుంపలే దిక్కు.

నేర్ప అనే మంచినీటి సీలుని నీళ్లలో చూడలేదు. లిస్త్‌వ్యాంకా మ్యూజియం తొట్టెలో మాత్రం చూశాను.

ఓల్ఖోన్ దీవి దగ్గర మంచు ఇంకా అద్దంలా ఉంటుంది, గాలి హిమాన్ని ఊడ్చేస్తుంది. అయితే ఇర్కూట్స్క్ నుంచి 300 కిలోమీటర్ల దాకా వెళ్లాలి. మొదటిసారి వచ్చేవాళ్లు పెద్దాసుపత్రులకి దగ్గరగా లిస్త్‌వ్యాంకాలోనే దిగడం మేలు. మన బ్యాంకులిచ్చే వీసా కార్డులు, మాస్టర్ కార్డులు ఇక్కడ పనిచేయవు, నగదు తెచ్చుకోండి. ఏప్రిల్ ముదిరాక మంచు పైకి గట్టిగా కనిపించినా లోపల సూదుల్లా విడిపోతుంది, అప్పుడు మాత్రం టికెట్ కొనకండి.