మెయిల్ సర్వర్ వార్నింగ్‌లకు నక్కలగుట్ట షాపు: నాలుగు స్టార్లు

మాది ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి ట్రేడింగ్ ఆఫీసు. మెయిల్ సర్వర్ సొంతదే, అందులో నడిచేది మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్ 2016. మొన్న మార్చిలో, సరిగ్గా సరుకు దండిగా వస్తున్నప్పుడే, బయటి పార్టీల మెయిళ్లు రావడం ఆగిపోయింది. వాళ్లకేమో 452 4.3.1 అనే ఎర్రర్ చూపిస్తోందట, అంటే మా సర్వర్‌లో వనరులు చాలట్లేదని. మా ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) మనిషి వచ్చి సర్వర్ రీస్టార్ట్ కొట్టి, పాత ఐఐఎస్ లాగ్‌లు (వెబ్ సర్వర్ రాసుకునే రికార్డు ఫైళ్లు) కొన్ని చెరిపి, చాయ్ తాగి పోయాడు. నాలుగు రోజులు నడిచింది, మళ్లీ అదే కథ.

తెలిసినాయన చెబితే హనుమకొండ నక్కలగుట్టలో ఓ చిన్న సర్వీస్ షాపుకు ఫోన్ చేశాను. వచ్చిన పిల్లగాడు గంటసేపు దేన్నీ ముట్టుకోలేదు, విండోస్ తన వార్నింగ్‌లు రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిచి పసుపు త్రికోణాలు ఒక్కోటీ చదువుకుంటూ కూర్చున్నాడు, నాకైతే ఒళ్లు మండింది. చివరికి 15004 నంబరు వార్నింగ్ చూపించి, "అన్నా, డిస్క్‌ల జాగా తక్కువైతే సర్వరే మెయిల్ తీసుకునుడు ఆపుతది. బ్యాకప్ ఎప్పటిసంది ఆగింది?" అన్నాడు.

మాకేం తెలుసు! వెతికితే, ఎవరో బ్యాకప్ డిస్క్ అడాప్టర్ పీకేసి ఆ ప్లగ్గులో కూలర్ పెట్టారు. బ్యాకప్ సరిగ్గా పూర్తయితేనే పాత ట్రాన్సాక్షన్ లాగ్‌లు (డేటాబేస్‌లో ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే ఫైళ్లు) పోతాయట, లేకపోతే ఒక్కోటి 1 ఎంబీ ఫైలు, వేలకు వేలు పేరుకుపోతాయి, పైగా మాకు డేటాబేస్, లాగ్‌లు, మెయిళ్లు వరుసలో ఆగే మెయిల్ క్యూ అన్నీ ఒకే డ్రైవ్‌లో. "డిలీట్ కొట్టెయ్ తమ్మీ" అన్నాను. "వద్దన్నా, డేటాబేస్‌లకు ఇంకా ఎక్కనిది అండ్ల ఉంటే మెయిల్‌బాక్సులే లేవవు" అని రాత్రికి ఫుల్ బ్యాకప్ పెట్టి పోయాడు. పొద్దున ఈవెంట్ వ్యూయర్‌లో 15005 వచ్చింది, అంటే సర్వర్ మీద ఒత్తిడి తగ్గిందని. 452 తాత్కాలిక ఎర్రరే కాబట్టి అవతలి సర్వర్లు మళ్లీ మళ్లీ పంపుతూనే ఉన్నాయి, గుంటూరు పార్టీ రేటు అడిగిన మెయిళ్లన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. రేటేమో అప్పటికే మారిపోయింది.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఆదివారం ఫోన్ ఎత్తరు, బిల్లు చిట్టీ మీద రాసిచ్చారు. ఇంకోటి, ఎక్స్ఛేంజ్ 2016కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది, కొత్తదానికి మారండని వాళ్లే చెప్పారు. సరే, కొటేషన్ పంపమన్నాను. మెయిల్ చేస్తామన్నారు, రెండు వారాలైంది, ఇంకా రాలేదు. ఈసారి తప్పు మా సర్వర్‌ది కాదు, చూసుకున్నాను.