రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్: ఎనిమిదేళ్ళు వాడాక

తిరుపతిలో మా ఇంట్లో ఆరుగురం. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. సంపాదన మా ఆయనది ఒక్కటే. అద్దె, స్కూల్ ఫీజు, పెద్దవాళ్ళ మందులు ఎటూ తప్పవు, వాటికి ముందే లెక్క కట్టుకుంటాం. చేతిలో డబ్బు మనకు తెలీకుండా జారిపోయేది పొద్దున టిఫిన్ దగ్గర, సాయంత్రం పిల్లలు స్కూల్ నుంచి రాగానే అడిగే చిరుతిండి దగ్గర. 2017 దసరాకు కొన్న గ్రైండర్ ఈ రెండు చోట్లా మాకు ఎంత పనికొచ్చిందో, ఎక్కడ ఏడిపించిందో రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఏ కంపెనీ టేబుల్ టాప్‌కైనా దాదాపు వర్తిస్తాయి.

మాది కోయంబత్తూరులో తయారైంది. అక్కడి వెట్ గ్రైండర్లకు ఆ ఊరి ప్రత్యేక సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. మనకు తమిళనాడు పక్కనే కాబట్టి ఇక్కడి అంగళ్ళలో ఎక్కువగా కనిపించేవి ఆ సరుకే. రెండు లీటర్ల స్టీల్ డ్రమ్ము, అడుగున రాయి, పైన కోన్ ఆకారంలో రెండు రాళ్ళు, 150 వాట్ల మోటారు, మోటారుకూ డ్రమ్ముకూ మధ్య ఒక బెల్టు. అప్పట్లో నాలుగు వేలకు కాస్త అటూ ఇటూ పడింది.

మిక్సీ ఉండగా ఇది ఎందుకని మా ఆయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. గుంటూరు వైపు ఇడ్లీ రవ్వ వాడతారు కాబట్టి వాళ్ళకు పప్పు ఒక్కటి రుబ్బితే చాలు, మిక్సీతో సరిపెట్టుకోవచ్చు. మా చిత్తూరు వైపు ఇళ్ళలో ఇడ్లీ బియ్యం, ఉద్దిపప్పు (మినప్పప్పు) రెండూ నానబెట్టి రుబ్బుతాం. ఆరుగురికి సరిపడా బియ్యం మిక్సీలో వేయాలంటే నాలుగైదు వాయిలు. ప్రతి వాయికీ జారు వేడెక్కుతుంది, పిండీ వేడెక్కుతుంది, చివరి వాయికి మోటారు వాసన వస్తుంది. వేడెక్కిన పిండితో ఇడ్లీ గట్టిపడుతుంది.

గ్రైండర్‌లో ఉద్దిపప్పు రుబ్బేటప్పుడు దగ్గర నిలబడి చూడాలి. మొదటి పది నిమిషాలు పప్పు కరకరమంటూ రాళ్ళ కింద నలుగుతుంది. తర్వాత శబ్దం మెత్తబడుతుంది. అప్పుడు చల్లటి నీళ్ళు చేత్తో కొంచెం కొంచెం చిలకరిస్తే పిండి పొంగుతూ డ్రమ్ము అంచుల దాకా వస్తుంది. ఒకేసారి గ్లాసు నీళ్ళు గుమ్మరిస్తే పొంగదు, జారైపోతుంది. నీళ్ళు చాలకపోతే పిండంతా అంచులకు అతుక్కుని రాళ్ళు ఉత్తగా తిరుగుతాయి. మా అత్తమ్మ నడవలో కూర్చునే ఆ చప్పుడు పట్టేస్తుంది. "మ్మే, రాయి ఒట్టిగా తిరగతా ఉండాది, రోంత నీళ్ళు పొయ్" అని అక్కడి నుంచే కేకేస్తుంది. అరగంట అయ్యాక చిటికెడు పిండి తీసి నీళ్ళ గిన్నెలో వేస్తే తేలాలి. తేలితే పప్పు తీసేసి బియ్యం వేస్తాం. బియ్యం మరీ మెత్తగా కాకుండా సన్న రవ్వలా ఉండగానే ఆపాలి. అన్నీ కలిపి గంట లోపే అయిపోతుంది.

డబ్బు లెక్క దాచకుండా చెబుతాను. ఒక వాయికి కిలో ఇడ్లీ బియ్యం, పావుకిలో ఉద్దిపప్పు, ఒక చెంచా మెంతులు. నేను కొనే ధరలో దీనికి తొంభై రూపాయల లోపే అవుతుంది, మూడు కిలోల దాకా పిండి వస్తుంది. అదే పిండి ప్యాకెట్లలో కొంటే కిలో యాభై, అరవై చెబుతున్నారు. అంటే దగ్గర దగ్గర సగం మిగులు. వారానికి రెండు వాయిలు వేసే ఇంట్లో నెలకు ఐదారొందలు తేలిగ్గా తేలతాయి, ఏడాది తిరక్కుండానే గ్రైండర్ ఖరీదు వచ్చేస్తుంది.

కరెంటు గురించి చాలామంది భయపడతారు. 150 వాట్ల మోటారు గంట తిరిగితే 0.15 యూనిట్. నెలకు ఎనిమిది వాయిలంటే యూనిట్ పైన కొంచెం. మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటుకు 126 నుంచి 225 యూనిట్ల శ్లాబులో యూనిట్ 6 రూపాయలు. అంటే నెల మొత్తానికి ఏడెనిమిది రూపాయలు, సర్దుబాటు ఛార్జీలు వేరే. కరెంటు బిల్లు తగ్గాలంటే గీజర్, ఫ్రిజ్, మోటార్ పంపు మీద కన్నేయండి, గ్రైండర్‌ని వదిలేయండి.

అయితే అసలు మిగులు పిండి ధరలో లేదు. ఫ్రిజ్‌లో పిండి ఉందంటే వారంలో మూడు నాలుగు పూటలు టిఫిన్ టెన్షన్ ఉండదు. మొదటి రోజు ఇడ్లీ, రెండో రోజు దోసె, మూడో రోజుకు పిండి కాస్త పులిస్తే ఉల్లిపాయ, పచ్చిమిరప, కరివేపాకు తరిగేసి గుంత పొంగణాలు. పొంగణాలు నేను సాయంత్రానికే ఉంచుతాను. పిల్లలు బ్యాగులు పడేసి "అమ్మా ఏముంది" అనేసరికి పెనం మీద ఉంటాయి. అంతకుముందు బేకరీ పఫ్, బండి మీద బజ్జీ అంటూ రోజూ యాభై అరవై పోయేది. అది ఆగిపోవడమే నెలాఖరున చేతిలో కనిపించింది. పంచదార, మైదా తగ్గింది కదా అని మామయ్య కూడా సంతోషించారు.

2020లో లాక్‌డౌన్ సమయంలో మా ఆయన జీతం సగమైంది. కూరగాయలు కొన్ని రోజులు దొరికేవి, కొన్ని రోజులు దొరికేవి కావు. బియ్యం, పప్పు ఉంటే చాలు, చెనిగ్గింజల (వేరుశనగ) చట్నీతో రెండు పూటలు గడిచిపోయేవి. పక్క పోర్షన్ వాళ్ళు నానబెట్టిన బియ్యం తెచ్చుకుని మా గ్రైండర్‌లోనే రుబ్బుకునేవాళ్ళు. వాళ్ళింట్లో కాసిన మునక్కాయలు మాకిచ్చేవాళ్ళు. ఒకటి మాత్రం గమనించాను. ఇది ఇంటి వాడకానికి చేసిన మోటారు. రెండు వాయిలు వెంట వెంటనే వేస్తే అడుగు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. మధ్యలో అరగంట ఆపాలి. పిండి అమ్మి నాలుగు డబ్బులు సంపాదిద్దామనుకునేవాళ్ళు టేబుల్ టాప్ కొనకండి, దానికి పెద్ద కమర్షియల్ గ్రైండర్లు వేరే ఉన్నాయి.

అత్తమ్మకు షుగర్ వచ్చాక రాగి దోసె మొదలుపెట్టాం. రాగులు రాత్రంతా నానబెట్టి, మూడింటికి ఒక వంతు ఉద్దిపప్పుతో రుబ్బితే దోసె బాగా వస్తుంది. రాగులు చిన్నవి కాబట్టి రాయి కింద త్వరగా నలగవు, నలభై నిమిషాలైనా పడుతుంది. రాగి దోసె కదా అని ఎన్నైనా తినొచ్చనుకోవద్దని, లెక్క ముఖ్యమని డాక్టరు గట్టిగానే చెప్పారు. రెండు దోసెలు, పక్కన ఆకుకూర పప్పు, అంతే పెడుతున్నాం. మునుపు ఆమెకు వేరే టిఫిన్, మాకు వేరే టిఫిన్ చేసేదాన్ని. ఇప్పుడు వారంలో రెండు రోజులు అందరికీ అదే. ఒక పొయ్యి, ఒక పని. గ్యాస్ కూడా కలిసొచ్చింది.

అలసంద వడలకు మాత్రం గ్రైండర్ నాకు నచ్చలేదు. వడకు పప్పు బరకగా ఉండాలి, నీళ్ళు అసలు తగలకూడదు. నీళ్ళు లేకుండా రాళ్ళు తిరగవు, బెల్టు మీద భారం పడి కాలిన రబ్బరు వాసన వస్తుంది. పండగ వడలకు మిక్సీలో తిప్పి తిప్పి ఆపడమో, రోలు ఉంటే రోలో మేలు. చట్నీలకు కూడా ఇది పనికిరాదు. డబ్బాలో వచ్చిన చపాతీ పిండి కలిపే ముక్క ఒకసారి వాడి అటక మీద పెట్టేశాను. కొబ్బరి కోరే ముక్క బాగుంది, దాన్ని ఇప్పటికీ వాడుతున్నా.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. మే నెలలో ఇక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది. రాత్రి రుబ్బి బయట పెడితే తెల్లవారేసరికి గిన్నె పొంగి గట్టంతా పిండే. అందుకే పప్పు, బియ్యం ఫ్రిజ్‌లోనే నానబెట్టి, చల్లటి నీళ్ళతో రుబ్బి, ఐదారు గంటల్లో ఫ్రిజ్‌లోకి తోసేస్తాం. ఉప్పు కూడా మరుసటి రోజు వాడేటప్పుడే. డిసెంబరు, జనవరిలో రాళ్ళుప్పు ముందే వేసి చేత్తో బాగా కలిపి, గిన్నెకు దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టినా పన్నెండు గంటలకు గానీ పొంగదు.

ఇక ఇబ్బందులు. మొదటిది కడగడం. రాళ్ళు, డ్రమ్ము, అంచుల పిండిని గీకే పక్క గరిటె విడివిడిగా కడగాలి. వేసవిలో నీళ్ళు ఒకరోజు వచ్చి ఒకరోజు రాని వీధి మాది. ఒక బకెట్ నీళ్ళు దీనికే పోతే మనసుకు కష్టంగా ఉంటుంది. నేను చేసేది ఏమిటంటే పిండి తీసేశాక ఒక గ్లాసు నీళ్ళు పోసి రెండు నిమిషాలు తిప్పి, ఆ పాలలాంటి నీళ్ళని దోసె పిండిలోనే కలుపుతాను. రెండోసారి కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు. బోరు నీళ్ళ ఉప్పు వల్ల డ్రమ్ముకు తెల్ల చారలు పడతాయి. వాడేసిన నిమ్మచెక్కతో రుద్దితే పోతాయి. రాళ్ళ బరువు అత్తమ్మ ఎత్తలేదు, నాకూ నడుము నొప్పి ఉంది. రాళ్ళు ఎత్తి పెట్టడం, కడగడం మా పెద్దబ్బాయి పని, ఎనిమిదో తరగతి నుంచి వాడే చేస్తున్నాడు. మగపిల్లాడి చేత ఈ పనేంటని బంధువులు ఒకరిద్దరు అన్నారు. తినేది వాడు కూడా కదా, చేస్తే తప్పేముంది.

రెండోది రిపేర్లు. బెల్టు మూడు నాలుగేళ్ళకు సాగిపోతుంది. అడుగున నల్లటి పొడి రాలుతోందంటే బెల్టు అరిగినట్టే. రెండు మూడొందల పని. పక్క గరిటె ప్లాస్టిక్ అంచు అరిగితే పిండి డ్రమ్ముకు అతుక్కుపోతుంది, అదీ చవకే. పెద్ద గొడవ ఒకటే జరిగింది. ఒక రోజు స్విచ్ వేస్తే మోటారు హుమ్మని మూలుగుతోంది, తిరగడం లేదు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే మోటారు పోయింది, మార్చాలి, రెండు వేలకు పైనే అవుతుందన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. వెనక్కి తెచ్చేసి మా వీధి చివర ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే అన్నకు చూపించాను. విప్పి చూసి, "మోటారు బంగారంలా ఉంది, కెపాసిటర్ పోయిందక్కా" అని మోటారు తిరగడానికి ఊపునిచ్చే ఆ చిన్న డబ్బీ మార్చి ఇచ్చాడు. ఆ మోటారే ఈ రోజుకీ తిరుగుతోంది. మీ దానికీ ఇలాగే మూలుగుడు వస్తే స్విచ్ వెంటనే ఆపేయండి, ఎక్కువసేపు ఉంచితే మోటారు లోపలి తీగ చుట్ట కాలిపోతుంది. ముందు కెపాసిటర్ చూపించండి.

టేబుల్ టాపా, నేల మీద పెట్టే పెద్ద గ్రైండరా అని అడిగేవాళ్ళకు 2021 నవంబరు వానలు చెబుతాను. తిరుపతి వీధులు ఏరులైన ఆ రోజుల్లో మా కింది పోర్షన్‌లోకి నీళ్ళు వచ్చాయి. మా ఆయన, పిల్లలు కలిసి గ్రైండర్‌ని రాళ్ళు తీసేసి అటక మీదికి ఎక్కించేశారు. ఎదురింటివాళ్ళ పెద్ద గ్రైండర్ కదల్లేదు, మోటారు మునిగిపోయింది. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకు, రెండు మూడేళ్ళకోసారి సామాను మోసేవాళ్ళకు మోయగలిగినదే మేలు. పెద్ద ఉమ్మడి కుటుంబం, సొంతిల్లు, వంటింట్లో చోటు ఉంటే అప్పుడు పెద్దది ఆలోచించండి.

ఇద్దరే ఉన్న ఇంటికి నేనైతే గ్రైండర్ కొనమని చెప్పను. వారానికి ఒక ప్యాకెట్ పిండి కొనుక్కుంటే వాళ్ళకు ఏమీ నష్టం లేదు, కడిగే శ్రమ తప్పుతుంది. నలుగురు దాటిన ఇల్లైతే, ముఖ్యంగా బియ్యం రుబ్బే అలవాటున్న ఇల్లైతే తప్పకుండా కొనండి.

అంగట్లో చూసేటప్పుడు మూత తీసి డ్రమ్ము చేత్తో తిప్పండి, ఊగకూడదు. రాళ్ళ మీద పగుళ్ళు, అంచు విరిగిన చోట్లు లేకుండా చూసుకోండి. బెల్టు, గరిటె విడిగా దొరుకుతాయా అని ముందే అడగండి. డబ్బాలోని ఉచిత సామాను చూసి ఐదొందలు ఎక్కువ పెట్టకండి. ఇంటికి తెచ్చాక మొదటిసారి గుప్పెడు పాత బియ్యం వేసి రుబ్బి పారేయండి, కొత్త రాయి పొడి అందులో పోతుంది. ఆ పిండి తినకండి, మొక్కలకు పోయండి.