స్టన్ గన్ టార్చ్: రెండేళ్లు వాడాక

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో నాది నైట్ డ్యూటీ. ఆన్‌లైన్‌లో కొన్న ఈ స్టన్ గన్ టార్చ్ (టార్చే, ముందున్న రెండు కొనలు ఒంటికి ఆనిస్తే కరెంటు షాక్ కూడా కొడుతుంది) రెండేళ్లు దాటి నా చేతిలోనే ఉంది.

టార్చ్‌గా వంక పెట్టలేం. వెలుతురు బస్తాల వరస చివరిదాకా పడుతుంది. బ్యాటరీ మాత్రం మొదటి ఎండాకాలానికే దిగిపోయింది. మిర్చి దుమ్ము దూరి స్విచ్ అప్పుడప్పుడు పట్టేస్తుంది.

డబ్బా మీద లక్షల వోల్టులని రాశారు, నమ్మకండి. పొడిగాలిలో ఒక సెంటీమీటరు స్పార్కు దూకడానికి సుమారు 30,000 వోల్టులు చాలు. దీని రెండు కొనల మధ్య రెండు సెంటీమీటర్లు కూడా లేదు. మిగతాది మీరే లెక్కేసుకోండి. బటన్ నొక్కితే నీలం మెరుపు, చిటపట చప్పుడు. కుక్కలైనా తాగుబోతులైనా ఆ చప్పుడుకే తప్పుకుంటారు. మనిషికి ఆనించే అవసరం ఇంతవరకు రాలేదు. ఆనించాలంటే దగ్గరికి పోవాలి, కత్తి పట్టుకున్నవాడి దగ్గరికి ఎవడు పోతాడు? మణికట్టు తాడుకున్న పిన్ను మటుకు మంచి ఏర్పాటు. ఎవడైనా లాక్కుంటే పిన్ను ఊడి కరెంటు ఆగిపోతుంది.

గస్తీకొచ్చిన హెడ్ కానిస్టేబుల్ గారు దీన్ని తిప్పి తిప్పి చూసి, "మాకు లాఠీ, నీకు కరెంటా!" అని నవ్వారు. వెంటనే, "ఎవరికన్నా తగిలించావంటే ముందు నిన్నే స్టేషన్‌కి తీసుకుపోతా" అన్నారు. ఆయనకీ ఒకటి ఉంటే బాగుండునట. లాఠీకి ఎముక విరుగుద్ది, దీనికి విరగదు కదా అని.

టీ కొట్టు దగ్గర ఇదే మాటెత్తితే ఒక హమాలీ పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "లాఠీ దెబ్బైతే వాత కనబడుద్ది. కరెంటు దెబ్బ ఎవరికి చూపించుకోవాలయ్యా?"

నా ఓటు పెద్దాయనకే. బ్రిటన్‌లో శిక్షణ పొందిన పోలీసుల దగ్గరుండే టేజర్ వేరే రకం. వైర్లున్న ముళ్లను దూరం నుంచే వదులుతుంది, ఒకసారి నొక్కితే 5 సెకన్లు పనిచేస్తుంది, ఎప్పుడు ఎంతసేపు వాడారో అందులోనే నమోదవుతుంది. అలాంటి చోటే 2016లో మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు డాలియన్ అట్కిన్సన్ మీద ఒక పోలీసు 33 సెకన్లు ఆపకుండా వాడాడు, తల మీద తన్నాడు కూడా. అట్కిన్సన్ చనిపోయాడు. 2021లో ఆ పోలీసుకి 8 ఏళ్ల జైలుశిక్ష పడింది. మన దగ్గర పోలీసులకి ఇచ్చేటట్టయితే ఆ నమోదు, ఒంటిమీద కెమెరా లేకుండా ఇవ్వకూడదు.

నా దాంట్లో అలాంటి లెక్కేం ఉండదు. కొనేవాళ్లు టార్చ్ కోసమే కొనండి, బ్యాటరీ మార్చుకునే వీలున్నది చూసుకోండి.