వరంగల్ ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గరి టిఫిన్ సెంటర్

పంటలు, నీళ్లు, కౌలు లెక్కలు కడుతూ ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. ఆ లెక్కల్లో సగం ఈ హోటల్ బెంచీ మీదే దొరికాయి. మిర్చి సీజన్‌లో తెల్లవారకముందే పొయ్యి వెలుగుతుంది. బస్తాలు దింపిన రైతులు ఉప్మా తింటూ, కాయ ఏరడానికి కూలి ఎంతయిందో, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాలువలో నీళ్లు ఎప్పుడు ఆగాయో వాళ్లంతట వాళ్లే చెబుతారు. సర్వే ప్రశ్నల కాగితం బయటికి తీశామో, మాట ఆగిపోతుంది.

ఉప్మాకు వంక పెట్టలేం. పల్లీ చట్నీలోనే నీళ్లెక్కువ, వరిమడి అనుకున్నారేమో! 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చి రంగుకే గానీ ఘాటుకు కాదు. ఎర్రకారంలో అదే వేస్తామంటారు యజమాని. మంటెక్కిన నా నాలుక ఒప్పుకోలేదు. చిల్లర మీరే తెచ్చుకోండి.