క్లాసు కోసం వాట్సాప్ గ్రూపా, టెలిగ్రామ్ ఛానలా?

"మాస్టారూ, పిల్లలకి ఏది పెట్టమంటారు?" అని తోటి టీచర్లు అడగడం ఈ మధ్య మరీ ఎక్కువైంది. మూడేళ్లు వాట్సాప్‌లో నడిపి ఈ ఏడే టెలిగ్రామ్‌కి మారినవాణ్ణి కాబట్టి, నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతుంది.

వాట్సాప్ అందరి ఫోన్లోనూ ఉంటుంది, తల్లిదండ్రులకు కొత్తగా నేర్పక్కర్లేదు. "రేపు టెస్ట్" అని కబురు పంపడానికి దాన్ని మించింది లేదు. పాఠం దగ్గరికొచ్చేసరికే తంటా. పొద్దున పెట్టిన నోట్స్ సాయంత్రానికి "ఓకే సార్", "థాంక్యూ సార్"ల కింద పూడుకుపోతుంది. అడ్మిన్లు మాత్రమే పంపేలా పెడితే ఆ గోల పోతుంది, దాంతోపాటే పిల్లలు డౌట్లు అడగడమూ పోతుంది.

నేను మారింది మాత్రం ఒక పోల్ వల్ల. 3/8, 2/5లలో ఏది పెద్దదని వాట్సాప్‌లో అడిగాను. క్లాస్ ఫస్ట్ వచ్చే అబ్బాయి తొందరపడి 3/8 నొక్కాడు. అక్కడ ఎవరు దేనికి ఓటేశారో మామూలుగా పేర్లతో సహా కనిపిస్తుంది కదా, ఇక ఒకరి వెనక ఒకరు అందరూ 3/8కే! ఎవరికి వచ్చో, ఎవరు చూసి నొక్కారో నాకేం తెలుస్తుంది?

టెలిగ్రామ్ ఛానల్ అంటే నేను పెడతాను, చేరినవాళ్లు చూస్తారు. అందులో క్విజ్ పెడితే పేర్లు కనబడవు. జవాబు నొక్కాకే శాతాలు తెలుస్తాయి. తప్పు నొక్కితే నేను ముందే రాసిపెట్టిన వివరణ వస్తుంది: "హారాలు సమానం చేసి చూడు, 15/40, 16/40." అలాంటి ప్రశ్నే అక్కడ పెడితే సగం మందికి పైగా తప్పు చేశారు. మర్నాడు ఆ పాఠం మళ్లీ మొదలుపెట్టాను. ఎవరు తప్పు చేశారో నాకూ తెలియదు, కాబట్టి మార్కులు వేయడానికి ఇది పనికిరాదు.

ఇంకోటి, ఫోన్ నంబర్లు. మామూలు వాట్సాప్ గ్రూపులో ఆడపిల్లల నంబర్లు క్లాసందరి చేతికీ వెళ్తాయి. ఛానల్లో చేరినవాళ్లు ఒకరికొకరు కనబడరు. అలాగని టెలిగ్రామ్ మడి కట్టుకుని కూర్చున్నదేం కాదు. సెర్చ్‌లో ఒక్క మాట కొడితే పైరసీ సినిమాల ఛానళ్లు వరస కడతాయి. అందుకే లింక్‌ని తల్లిదండ్రులకి చెప్పాకే పిల్లలకి ఇచ్చాను.

యూట్యూబ్ వీడియోలు దాచుకోవడానికి బాగుంటుంది, అన్‌లిస్టెడ్‌లో, అంటే సెర్చ్‌లో దొరక్కుండా పెట్టి లింక్ ఇస్తే చాలు. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో మాయం, పరీక్ష ముందు రోజు వెతుక్కునేవాడికి ఏం లాభం? ఫేస్‌బుక్ గ్రూపు సంగతి వదిలేయండి, నా పిల్లలెవరూ అటువైపే వెళ్లరు.

పాత వాట్సాప్ గ్రూపు తీసేయలేదు. అందులో ఇప్పుడు తల్లిదండ్రులే ఉన్నారు, టెస్ట్ తేదీలు తప్ప ఏమీ పెట్టను. "ఓకే సార్"లు మాత్రం తగ్గలేదు.