పదేళ్ల ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: మూడేళ్ల వాడకం తరువాత

మా ఇంట్లోని ల్యాప్‌టాప్ 2015 చివర్లో కొన్నది. ఐదో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్‌తో వచ్చింది. దాని మీద జరిగే పని పెద్దదేమీ కాదు. తెలుగులో వ్యాసాలు రాసుకోవడం, ఉత్తర ప్రత్యుత్తరాలు, బ్యాంకు పనులు, కరెంటు బిల్లు, పిల్లల పాఠాల వీడియోలు, అప్పుడప్పుడూ ఒక ప్రింటు. విండోస్ 10 మీద ఈ మాత్రం పనికే అది ఆపసోపాలు పడేది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే మనం ఏమీ చేయకపోయినా డిస్క్ గడిలో 100 శాతం అని ఎర్రగా కనిపించేది. విండోస్ 11కు వెళదామంటే, అది ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు దేనినీ, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం లేని యంత్రాలను వేటినీ అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని చాలా ముందుగానే ప్రకటించారు కనుక, గడువు మీదికి వచ్చేదాకా ఆగకుండా 2022 చివర్లోనే దాన్ని తీసేసి లినక్స్ మింట్ 21 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న కూర్పును వేశాను. 2024లో దాన్ని 22కు మార్చాను. ఇప్పటికీ ఇంటిల్లిపాదీ వాడుతున్నది అదే.

అంతకు ముందు మా వీధిలోని రిపేరు షాపులో అడిగితే, "సెవెన్ వేసేస్తాను సార్, రాకెట్‌లా ఉంటుంది" అన్నారు. వేగం మాట నిజమే. అయితే విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి; క్రోమ్ బ్రౌజర్ కూడా దాని మీద 109వ వెర్షన్ దగ్గర నిలిచిపోయింది. బ్యాంకు లాగిన్ చేసే కంప్యూటర్‌లో అటువంటిది పెట్టుకోవడం నాకు సమ్మతం కాలేదు. మన ఊళ్లలో ఇప్పటికీ చాలా పాత యంత్రాలకు చేస్తున్న వైద్యం ఇదే కావడం విచారకరం.

లినక్స్ వైపు వచ్చాక ఎదురయ్యే మొదటి సలహా, "అన్నిటికంటే తేలికైనది వేసుకోండి" అన్నది. ఆ మాట పట్టుకొని వెంటాయ్ అనే ఉపకరణం సాయంతో ఒకే పెన్‌డ్రైవ్‌లో యాంటీఎక్స్, పప్పీ, లుబుంటు, మింట్ అనే నాలుగు లినక్స్ కూర్పుల ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే) ఫైళ్లను పెట్టుకొని, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా ఒక్కొక్క దాన్నీ నడిపి చూశాను. ఖాళీగా ఉన్నప్పుడు తేడా బాగానే కనబడుతుంది: యాంటీఎక్స్ రెండు మూడు వందల ఎంబీలతో సరిపెట్టుకుంటుంది, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈకి ఎనిమిది వందల దాకా కావాలి. కానీ ఎవరమూ కంప్యూటర్‌ను ఖాళీగా ఉంచుకోవడానికి తెరవము. జీమెయిల్ ఒక ట్యాబ్‌లో, బ్యాంకు ఇంకొక ట్యాబ్‌లో, యూట్యూబ్ మరొక దానిలో తెరిచేసరికి బ్రౌజర్ ఒక్కటే ఒకటిన్నర జీబీ మింగుతుంది, అది ఏ సిస్టమ్ మీద తెరిచినా అంతే మింగుతుంది. అందువల్ల ఆదా అయిన ఆ అయిదు వందల ఎంబీల కోసం వాడుకలో సౌకర్యాన్ని, తెలుగు అమరికను, అప్‌డేట్ల భరోసాను వదులుకోవడం నాకు లాభసాటి బేరంగా తోచలేదు. ర్యామ్ 2 జీబీ దాటని యంత్రమైతే లెక్క వేరు. అక్కడ యాంటీఎక్స్‌కే నా ఓటు. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న బాగా పాత యంత్రాలకు అసలు పెద్దగా ఎంపికే మిగలలేదు: మింట్ ప్రధాన కూర్పు 20వ వెర్షన్ నుంచే వాటిని వదిలేసింది, మరో పేరున్న లినక్స్ కూర్పు, 2025లో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

వేగం గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ ల్యాప్‌టాప్‌లో కనిపించిన మార్పులో సగానికి పైగా ఘనత సాఫ్ట్‌వేర్‌ది కాదు, హార్డ్‌డిస్క్ స్థానంలో పెట్టే, దానికంటే ఎంతో వేగమైన ఎస్ఎస్‌డీది. పాత హార్డ్‌డిస్క్ మీదే మింట్ వేసి కొన్నాళ్లు వాడి చూశాను. విండోస్ కంటే మెరుగే కానీ, ఫైర్‌ఫాక్స్ తెరుచుకొనే లోపల టీ పెట్టుకోవచ్చు. రెండు వేల రూపాయల లోపు ఖర్చుతో 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ బిగించాక, స్విచ్ నొక్కిన అర నిమిషం లోపే లాగిన్ తెర వస్తోంది. ఖాళీగా ఉన్న రెండో స్లాటులో మరో 4 జీబీ ర్యామ్ పెట్టించాను. ఈ తరం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డీడీఆర్3ఎల్, అంటే 1.35 వోల్టుల రకం కావాలి. షాపులో మామూలు డీడీఆర్3 చేతిలో పెట్టే అవకాశం ఉంది కనుక పాత చిప్ మీది లేబులు చదువుకొని వెళ్లడం మంచిది. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు ఎస్ఎస్‌డీ తీసుకోండి.

లుబుంటు కూడా చక్కనిదే అయినా మింట్ వైపు మొగ్గడానికి రెండు కారణాలున్నాయి. లుబుంటు 24.04కు మూడేళ్ల మద్దతు, అంటే 2027 ఏప్రిల్ వరకు. లుబుంటు లాగే ఉబుంటు అనే లినక్స్ కూర్పు పునాది మీద కట్టిన మింట్ 22కు 2029 వరకు ఉంది. రెండవది, ఉబుంటు కుటుంబంలో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే ప్రత్యేక ప్యాకేజీ రూపంలో వస్తుంది, పాత డిస్క్ మీద అది మొదటిసారి తెరుచుకోవడానికి తీసుకొనే సమయం ఓర్పుకు పరీక్షే. మింట్ దాన్ని మామూలు ప్యాకేజీగానే ఇస్తుంది. గూగుల్ వారి క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్‌ను కూడా పరిశీలించాను. బ్రౌజర్ తప్ప మరొకటి ముట్టుకోని పెద్దవారికి దానికంటే సుఖమైనది లేదు. కానీ అది డిస్క్ మొత్తాన్ని తుడిచి తానొక్కటే కూర్చుంటుంది, పక్కన విండోస్‌ను ఉండనివ్వదు. ప్లే స్టోర్ యాప్‌లు కూడా అందులో రావు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన తెలుగు విషయం. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డు అలవాటున్నవారికి పని చాలా తేలిక: కీబోర్డ్ సెట్టింగ్‌లలో లేఅవుట్ దగ్గర తెలుగును చేర్చుకుంటే చాలు, వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ అవసరం లేదు. లేఖిని వెబ్‌సైటులో లాగా ఆంగ్ల అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి కావాలనుకునేవారు ఐబస్ అనే టైపింగ్ సాధనం, దానితోపాటు ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకొని ఒకసారి లాగవుట్ అయి రావాలి. ఆ తరువాత ఇంటర్నెట్ లేకపోయినా ఏ కిటికీలోనైనా నేరుగా రాసుకోవచ్చు. లేఖినిలో రాసి, కాపీ చేసి, అతికించుకొనే శ్రమ నాకు పూర్తిగా తప్పింది.

ఖతుల (ఫాంట్ల) దగ్గర మాత్రం మొదట్లో కొంత తలనొప్పి ఉంటుంది. నా పాత వ్యాసాలన్నీ విండోస్‌తో వచ్చే గౌతమి ఖతిలో ఉన్నాయి. వాటిని మింట్‌తో వచ్చే ఆఫీసు ప్రోగ్రామ్ లిబ్రేఆఫీస్‌లో తెరిచినప్పుడు ఆ ఖతి లేక దాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. అక్షరాల వెడల్పు మారి పేజీలు జరిగిపోయాయి. పంక్తుల మధ్య దూరాన్ని కచ్చితమైన కొలతగా బిగించిన ఫైళ్లలో అయితే 'రాష్ట్రం', 'స్త్రీ' వంటి మాటల్లో గుడులో వత్తులో తెగిపోయినట్టు కనిపించాయి. పంక్తి దూరాన్ని నిష్పత్తిలోకి మార్చి, 120 శాతం దగ్గర పెడితే అవి మళ్లీ నిండుగా వచ్చాయి. పోతన, వేమన ఖతులు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో దొరుకుతాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటివి ఉచితంగా దింపుకొని వేసుకోవచ్చు. గౌతమి బదులు ఏది వాడాలో లిబ్రేఆఫీస్ ఐచ్ఛికాలలోని ఫాంట్ల పట్టికలో ఒకసారి చెప్పి ఉంచితే, ప్రతి ఫైలులోనూ మార్చుకోవలసిన పని లేదు. అక్కడి నుంచి పీడీఎఫ్ చేసి పంపిన వ్యాసం ఎవరి తెర మీదైనా అచ్చు అలాగే ఉంటుంది.

మెనూలు కూడా తెలుగులోనే కావాలంటే భాషను మార్చుకోవచ్చు. కొన్నాళ్లు ప్రయత్నించాను, అనువాదం అన్నిచోట్లా నిండకపోవడంతో ఒకే మెనూలో సగం తెలుగు, సగం ఆంగ్లం కలగాపులగంగా కనిపించి చదవడం కష్టమైంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ బృందం డెబియన్ ఆధారంగా తెలుగు డెస్క్‌టాప్‌ను తెచ్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ దారిలో ఇంకా నడవవలసింది ఎంతో ఉంది.

ఇబ్బందుల జాబితా చిన్నదే కానీ ఉంది. ఇన్‌స్టాల్ కాగానే వై-ఫై పనిచేయలేదు. చిప్ తయారీదారు డ్రైవర్‌ను స్వేచ్ఛా లైసెన్సుతో ఇవ్వకపోవడం దానికి కారణం. ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్‌ను తెరిస్తే కావలసిన డ్రైవర్‌ను అదే చూపించింది. జిరాక్స్ షాపుల్లో విరివిగా కనిపించే ఒక పాత లేజర్ ప్రింటర్ మా ఇంట్లోనూ ఉండేది. దానిని మాత్రం ఎంత ప్రయత్నించినా దారికి తేలేకపోయాను. డ్రైవర్ అవసరం లేకుండా నెట్‌వర్క్ మీద నడిచే కొత్త ప్రింటర్ కొన్నాక ఆ బెడద పోయింది. మూత మూసి తెరిచినప్పుడు అరుదుగా వై-ఫై తిరిగి రాదు. నెట్‌వర్క్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే వస్తుంది.

యూట్యూబ్ వీడియోలు ఆగి ఆగి నడిచి, ఫ్యాను హోరెత్తడం మరొకటి. ఇందులో లినక్స్ ప్రమేయం తక్కువ. యూట్యూబ్ సాధారణంగా పంపే వీపీ9 అనే రకం వీడియోను విప్పే హార్డ్‌వేర్ ఈ పాత గ్రాఫిక్స్‌లో సరిగా లేక, ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. హెచ్264ఇఫై అనే చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే హెచ్.264 రకం వీడియో వస్తుంది, దానిని ఈ గ్రాఫిక్స్ సునాయాసంగా నడుపుతుంది. 720పీ దగ్గర ఉంచితే పిల్లల పాఠాలు ఆటంకం లేకుండా సాగుతున్నాయి.

నిర్వహణకు పెద్దగా సమయం పట్టదు. అప్‌డేట్ మేనేజర్ ఏమేమి వచ్చాయో చూపిస్తుంది, ఎప్పుడు వేయాలో మన ఇష్టం. షట్‌డౌన్ నొక్కిన తరువాత నీలి తెర మీద శాతాలు లెక్కపెడుతూ నిలబడే అవస్థ లేదు. అప్‌డేట్లు వేసే ముందు టైమ్‌షిఫ్ట్ అనే సాధనంతో ఒక స్నాప్‌షాట్, అంటే ఏదైనా చెడితే వెనక్కి వెళ్లడానికి సిస్టమ్ నకలు, తీసి ఉంచుకుంటాను. 21 నుంచి 22కు మారేటప్పుడు కూడా ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను, ఒక మధ్యాహ్నంలో పని పూర్తయింది. టైమ్‌షిఫ్ట్ కాపాడేది సిస్టమ్‌ను మాత్రమేనని, మనం విడిగా చెబితే తప్ప మన సొంత ఫైళ్లను అది పట్టించుకోదని గమనించాలి. ఫోటోలు, వ్యాసాలు వేరే డిస్క్ మీద ఉండవలసిందే.

ట్యాలీలో లెక్కలు రాసేవారికి, పేజ్‌మేకర్‌లో అను ఖతులతో డీటీపీ చేసేవారికి నేను మింట్‌ను సిఫారసు చేయను. ట్యాలీ విండోస్ కోసమే తయారైనది. అను ఫైళ్లు యూనికోడ్ (అన్నిచోట్లా చదవగల ప్రామాణిక అక్షర పద్ధతి) కావు కనుక ఆ ఖతులు లేని చోట తెరిస్తే అర్థం లేని గుర్తులు మాత్రమే కనిపిస్తాయి. అలాంటివారు విండోస్ 10ను ఉంచుకొని, 2026 అక్టోబరు 13 వరకు లభించే అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకొని, ఆ లోగా కొత్త యంత్రానికి డబ్బు సమకూర్చుకోవడం మేలు. మిగిలినవారు ఏదీ చెరపకుండా, మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే ఒక పూట నడిపి, వై-ఫై, శబ్దం, కెమెరా, మూత మూసి తెరవడం, తమ ప్రింటరు ఒక్కొక్కటిగా పరీక్షించి చూడవచ్చు. పెన్‌డ్రైవ్ మీద కొంచెం నెమ్మదిగా ఉంటుంది, ఆ వేగాన్ని బట్టి మాత్రం తీర్పు చెప్పకండి.